ఓడ మీద రాసిన ఉత్తరం: సోషల్ వర్క్ విద్యార్థుల కోసం అంబేద్కర్ విదేశీ చదువు కథ

1913 జూన్ 4న బరోడా సంస్థానం విద్యాశాఖ అధికారి ఎదుట అంబేద్కర్ ఒక బాండు మీద సంతకం పెట్టారు. అమెరికాలోని కొలంబియా యూనివర్సిటీలో మూడేళ్లు చదువుకోవడానికి సంస్థానం నెలకు పదకొండున్నర పౌన్లు ఇస్తుంది. నిర్ణయించిన సబ్జెక్టులే చదవాలి. తిరిగొచ్చాక పదేళ్లు బరోడా కొలువులో పనిచేయాలి. అప్పటికి ఆయన వయసు 22. నాలుగు నెలల కిందటే, ఫిబ్రవరి 2న, తండ్రి రాంజీ చనిపోయారు. ఇంట్లో భార్య రమాబాయి, ఏడాది కూడా నిండని కొడుకు యశ్వంత్ ఉన్నారు.

విశాఖలోనో హైదరాబాదులోనో ఎం.ఎస్.డబ్ల్యు. చదువుతున్న మన పిల్లలు ఇవాళ విదేశీ యూనివర్సిటీల వైపు ఆశగా చూస్తున్నారు. చూడాల్సిందే. అమీర్‌పేట కన్సల్టెన్సీలు చెప్పే ర్యాంకులు, వీసాలు, పార్ట్‌టైం ఉద్యోగాల లెక్క వాళ్లకు ఎలాగూ తెలుస్తుంది. ఆ లెక్కలో లేని సంగతులు కొన్ని బాబాసాహెబ్ జీవితంలో ఉన్నాయి. ప్రతి ఏప్రిల్ 14కి ఫ్లెక్సీల మీద ఆయన డిగ్రీల వరస చదివి దండం పెట్టి వెళ్లిపోతున్నాం. ఆ డిగ్రీలు ఎవరి డబ్బుతో వచ్చాయి, ఏ షరతుల మీద వచ్చాయి, ఎక్కడ ఆగిపోయాయి, తిరిగొచ్చాక ఆయన వాటిని ఎక్కడ ఖర్చు పెట్టారు అన్నది మనం పెద్దగా మాట్లాడుకోవడం లేదు.

బరోడా డబ్బు ఆయనకు కొత్త కాదు. ఎల్ఫిన్‌స్టన్ కాలేజీలో బి.ఏ. చదివేటప్పుడే కేలూస్కర్ గురూజీ చొరవతో శాయాజీరావు గైక్వాడ్ నెలకు 25 రూపాయలు ఇచ్చారు. విదేశీ చదువుకూ ఆయనే సాయం చేశారు. మంచి మనసున్న రాజు, సందేహం లేదు. కానీ ఒక అంటరాని కుర్రాడి చదువు ఒక రాజు మంచి మనసు మీద ఆధారపడి ఉందన్న మాట కూడా అంతే నిజం. ఈ రెండో సంగతిని అంబేద్కర్ ఎన్నడూ మరచిపోలేదు.

1913 జూలైలో ఆయన న్యూయార్క్‌లో దిగారు. మొదట్లో కొత్త ఊరి సందడిలో కొన్ని నెలలు గడిచాయని జీవితచరిత్రకారులు రాశారు. ఆ తర్వాత లైబ్రరీలో కూర్చున్న మనిషి మళ్లీ లేవలేదు. కొలంబియాలో ఆయన తీసుకున్న కోర్సుల జాబితా చూడండి. ఎకనామిక్స్ 29, చరిత్ర 11, సోషియాలజీ 6, ఫిలాసఫీ 5, ఆంత్రోపాలజీ 4, పాలిటిక్స్ 3, ప్రాథమిక స్థాయిలో ఫ్రెంచి ఒకటి, జర్మన్ ఒకటి. డిగ్రీకి కావాల్సినంత చదివి ఊరుకున్న విద్యార్థి జాబితా కాదిది. ఊళ్లో తమను బావి దగ్గరికి రానివ్వని వ్యవస్థ ఎక్కడ పుట్టింది, దాని వెనుక డబ్బు ఎంత, చరిత్ర ఎంత, మనుషుల నమ్మకం ఎంత అని నాలుగు వైపుల నుంచీ తవ్వాలనుకున్నవాడి జాబితా. ఎకనామిక్స్‌లో సెలిగ్మన్, ఫిలాసఫీలో జాన్ డ్యూయీ, ఆంత్రోపాలజీలో గోల్డెన్‌వైజర్ ఆయన గురువులు. 1915లో ఎం.ఏ. అయింది.

ఇంటికి కొంత పంపగా మిగిలిన డబ్బులోనే తిండి, బట్ట, పుస్తకాలు. అయినా న్యూయార్క్ పాత పుస్తకాల దుకాణాల్లో సుమారు రెండు వేల పుస్తకాలు కొన్నారంటారు. లివింగ్‌స్టన్ హాల్ హాస్టల్లో నవల్ భతేనా అనే పార్శీ విద్యార్థి గదిలో తోడు. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది. లాలా లజపతిరాయ్ అప్పట్లో అమెరికాలోనే ఉండి భారత విద్యార్థులను తన రాజకీయ పనిలోకి రమ్మని పిలిచేవారు. అంబేద్కర్ వెళ్లలేదు. చదువు కోసం వచ్చాను, చదువు పూర్తిచేయకుండా మరో పని నెత్తిన వేసుకోను అన్నది ఆయన వైఖరి. ఉద్యమంలో ఉన్న మన విద్యార్థుల్లో కొందరికి ఇది రుచించకపోవచ్చు. పదకొండున్నర పౌన్లు ఏ నిమిషాన ఆగిపోతాయో తెలియనివాడి నిర్ణయమది.

ఆ రోజుల్లో న్యూయార్క్ సోషల్ వర్క్ అనే వృత్తికి పుట్టిల్లు. 1898లో వేసవి తరగతులుగా మొదలైన శిక్షణే న్యూయార్క్ స్కూల్ ఆఫ్ ఫిలాంత్రపీ అయింది. 1917లో ఆ పేరులోంచి దానధర్మం అన్న మాట తీసేసి సోషల్ వర్క్ అని పెట్టుకున్నారు. 1940లో అది కొలంబియాతో కలిసింది. అంబేద్కర్ ఆ స్కూల్లో చదవలేదు. అయితే దానం వేరు, సామాజిక పని వేరు అని ఆ నగరం అనుకోవడం మొదలుపెట్టిన కాలంలోనే ఆయన అక్కడ ఉన్నారు. ఈ తేడా మీద ఆయన తన సొంత మాట చెప్పడానికి ఇంకో పదహారేళ్లు పట్టింది. ఆ సంగతి తర్వాత.

1916 మే 9న గోల్డెన్‌వైజర్ ఆంత్రోపాలజీ సెమినార్‌లో అంబేద్కర్ ఒక పేపర్ చదివారు. భారతదేశంలో కులాలు ఎలా పుట్టాయి, ఎలా నడుస్తున్నాయి, ఎలా పెరిగాయి అన్నది విషయం. తన కులంలోనే పెళ్లి అన్న నియమమే కులానికి ఆయువుపట్టని, ఆ నియమాన్ని నిలబెట్టడానికే సతి, వితంతువుకు మళ్లీ పెళ్లి లేకపోవడం, బాల్యవివాహం వంటివి వచ్చాయని అందులో వాదించారు. పాతికేళ్ల విద్యార్థి చదివిన ఆ పేపర్ నూరేళ్లు దాటినా ప్రపంచమంతటా పాఠంగా నడుస్తోంది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఇప్పటి కాలానికి వద్దాం. దళిత విద్యార్థుల విదేశీ చదువు కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ 1954-55లో మొదలైంది. 2022 ఫిబ్రవరిలో సామాజిక న్యాయ శాఖ దాని నిబంధనలు మార్చింది. భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారత సమాజం మీద అధ్యయనం వంటి అంశాలకు ఈ స్కాలర్‌షిప్ వర్తించదని రాసింది. మన దేశం గురించి చదవడానికి పరాయి దేశం ఎందుకు, ఇక్కడే యూనివర్సిటీలు ఉన్నాయి కదా అన్నది వాళ్లు చెప్పిన కారణం. ఆ లెక్కన 1916 మే 9న చదివిన పేపర్‌కు ఈ స్కాలర్‌షిప్ రాదు. కులం మీద, మన వాడల మీద, పాకీ పని మీద పరిశోధన చేస్తానని సోషల్ వర్క్ విద్యార్థి దరఖాస్తు పెడితే రాదు. అమెరికా జైళ్ల మీద చేస్తానంటే వస్తుంది. అంబేద్కర్‌కు స్వేచ్ఛగా కులం గురించి మాట్లాడే బల్ల న్యూయార్క్‌లోనే దొరికిందన్న సంగతి ఆ నిబంధన రాసినవారికి తెలియదని మేం అనుకోవడం లేదు.

1916లో కొలంబియాకు పరిశోధన గ్రంథం సమర్పించి ఆయన లండన్ వెళ్లారు. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో చదువు, గ్రేస్ ఇన్‌లో బారిస్టరు కోర్సు, రెండూ ఒకేసారి మొదలుపెట్టారు. ఎల్.ఎస్.ఇ.లో హాబ్‌హౌస్ దగ్గర సామాజిక పరిణామం, సామాజిక సిద్ధాంతం పాఠాలు విన్నారు. అక్కడ 1912లోనే రతన్ టాటా విరాళంతో సోషల్ సైన్స్ శాఖ ఏర్పడి, పేదరికం మీద పరిశోధన సాగుతోంది. బొంబాయి మిల్లుల్లో పుట్టిన సొమ్ముతో లండన్ పేదల లెక్కలు తీశారన్నమాట! ఆ శాఖలో సోషల్ వర్క్ పాఠాలు చెప్పినవారిలో క్లెమెంట్ అట్లీ ఒకరు. 1920లో సోషల్ వర్కర్ల గురించే ఒక పుస్తకం కూడా రాశారు. ఆయనే 1945లో బ్రిటన్ ప్రధాని అయ్యారు. 1946లో క్యాబినెట్ మిషన్ దళితులకు అన్యాయం చేసిందని అంబేద్కర్ ఉత్తరం రాసింది ఈ అట్లీకే.

లండన్ చదువు ఏడాది కూడా నిలవలేదు. 1917లో స్కాలర్‌షిప్ గడువు ముగిసింది, తిరిగి రమ్మని బరోడా దివాన్ పిలిచారు. నాలుగేళ్లలోపు మళ్లీ వచ్చి చదువు కొనసాగించుకోవడానికి ప్రొఫెసర్ కానన్ సాయంతో యూనివర్సిటీ అనుమతి సంపాదించుకుని ఓడెక్కారు. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు. సామాను వేసిన మరో ఓడను టార్పెడో ముంచేసింది. ఏళ్ల తరబడి కూడబెట్టిన పుస్తకాలు, రాతప్రతులు సముద్రంలో కలిసిపోయాయి. సామాను నష్టానికి వచ్చిన పరిహారం ఆయన బరోడా ప్రయాణానికి అక్కరకొచ్చింది.

బరోడాలో జరిగింది మనలో చాలామందికి తెలుసు. మహారాజుకు మిలిటరీ సెక్రటరీగా కొలువు. ఊళ్లో హోటలు లేదు, ఇల్లు అద్దెకిచ్చేవారు లేరు. పార్శీ పేరు పెట్టుకుని పార్శీల సత్రంలో దిగారు. ఆఫీసులో బంట్రోతులు ఫైళ్లు చేతికివ్వకుండా బల్ల మీదికి విసిరేవారు. పదకొండో రోజున కర్రలు పట్టుకుని పార్శీలు సత్రం మీదికొచ్చారు. సాయంత్రంలోగా ఖాళీ చేయమన్నారు. తలదాచుకోవడానికి అడిగిన ఇద్దరు మిత్రులూ ఏదో ఒక సాకు చెప్పారు. ఒకరు హిందువు, ఒకరు క్రైస్తవుడు. ఆయన కామాఠీ బాగ్‌లో కూర్చుని ఏడ్చి, రాత్రి రైలుకు బొంబాయి వెళ్లిపోయారు. తర్వాతి కాలంలో రాసుకున్న స్వీయ జ్ఞాపకాల్లో ఆయన ఒక మాట ఒప్పుకున్నారు. విదేశాల్లో ఉన్న ఏళ్లలో తాను అంటరానివాడినన్న స్పృహే తుడిచిపెట్టుకుపోయిందట. బరోడా స్టేషన్‌లో దిగాక ఎక్కడికెళ్లాలన్న ప్రశ్న దాన్ని తిరిగి తెచ్చింది. ఆ జ్ఞాపకాలకు ఆయన పెట్టిన పేరులో వీసా అన్న మాట ఉంది. ఆ వీసా పరాయి దేశానిది కాదు, సొంత దేశంలో మనిషిగా అడుగుపెట్టడానికి కావాల్సిన వీసా.

విదేశీ డిగ్రీ కులాన్ని తుడిచేస్తుందని నమ్మేవారికి బరోడా ఒక్కటే చాలు. అది చాలదనుకుంటే సిడెన్‌హామ్ కాలేజీ ఉంది. 1918 నవంబరులో అక్కడ ప్రొఫెసర్‌గా చేరాక, స్టాఫ్ గదిలోని కుండ నీళ్లు ఆయన ముట్టుకోవడానికి వీల్లేదని తోటి అధ్యాపకులు కొందరు అభ్యంతరం పెట్టారు.

ఆ జీతంలోంచే లండన్ కోసం డబ్బు దాచడం మొదలుపెట్టారు. మధ్యలో, 1919 జనవరిలో సౌత్‌బరో కమిటీ ముందు అంటరానివారి ఓటుహక్కు గురించి సాక్ష్యం చెప్పారు. 1920 జనవరి 31న మూక్‌నాయక్ పత్రిక వచ్చింది. దానికీ, రెండో విదేశీ ప్రయాణానికీ కొల్హాపూర్ ఛత్రపతి షాహూ మహారాజ్ సాయం చేశారు. ఇక్కడే నవల్ భతేనా మళ్లీ వస్తారు. హాస్టల్ గది పంచుకున్న ఆ మిత్రుడు 5,000 రూపాయలు అప్పిచ్చారు. ఈసారి బాండు లేదు, షరతు లేదు. సొంత పొదుపు, ఒక రాజు సాయం, ఒక స్నేహితుడి అప్పు, వీటి మీద 1920 జూలైలో అంబేద్కర్ మళ్లీ లండన్ ఓడెక్కారు.

ఈ రెండో విడత మీద మన సభల్లో వినిపించేది బ్రిటిష్ మ్యూజియం లైబ్రరీ ఒక్కటే. పొద్దున్నే వెళ్లి మూసేదాకా అక్కడే, నిజమే. మధ్యాహ్నం తిండికి డబ్బు లేదు. ఇంటి యజమానురాలు పొద్దున పెట్టే రొట్టెముక్క, కాస్త చేప, ఒక కప్పు వేడి పానీయం, రాత్రి అలాంటిదే మరికాస్త. అర్ధరాత్రి ఆకలేస్తే తెలిసినవారు ఇచ్చిన అప్పడాలు కాల్చుకుని తిన్నారు. పడుకోమని గదిలోని మిత్రుడు పోరేవాడు. తిండికి డబ్బు లేదు, నిద్రకు టైము లేదు అన్నట్టుగానే గడిచాయి ఆ రోజులు. అదే సమయంలో బొంబాయిలో రమాబాయి కడుపు కట్టుకుని సంసారం ఈదారు. ఈ త్యాగాన్ని మనం కీర్తిస్తాం గానీ, ఒక పరిశోధక విద్యార్థి పస్తుండి చదవాల్సి రావడం కీర్తించాల్సిన విషయం కాదు. స్టైపెండు నెలల తరబడి ఆపేసి, అంబేద్కర్ కూడా పస్తులుండే చదివాడు కదా అని మన పిల్లలకు నీతులు చెప్పే అధికారులను మేం చూశాం.

అదే లండన్‌లో ఆయన మరో పని కూడా చేశారు. భారత వ్యవహారాల మంత్రి మాంటేగును కలిసి అంటరానివారి సమస్య వివరించారు. షాహూ మహారాజ్‌కు ఉత్తరాలు రాస్తూ ఉన్నారు. అంటే పుస్తకాల్లో మునిగిన మనిషే, తన జనం గొంతు చేరాల్సిన తలుపు ఏదో వెతుక్కుని తట్టారు. ఇంటర్నేషనల్ అడ్వొకసీ అని ఇవాళ మనం కోర్సులో చదువుకుంటున్నది ఇదే.

1921లో ఎం.ఎస్సీ. వచ్చింది. కొన్నాళ్లు జర్మనీలోని బాన్ యూనివర్సిటీకి వెళ్లారు. రూపాయి సమస్య మీద రాసిన డి.ఎస్సీ. గ్రంథాన్ని మొదట అలాగే ఒప్పుకోలేదు, దిద్ది మళ్లీ పెట్టమన్నారు. డబ్బు అయిపోయి 1923 ఏప్రిల్‌లో ఆయన తిరిగొచ్చేశారు. బొంబాయి నుంచే గ్రంథం దిద్ది పంపితే ఆ ఏడాదే డిగ్రీ వచ్చింది. కొలంబియా గ్రంథం 1925లో సెలిగ్మన్ ముందుమాటతో అచ్చయింది. అంబేద్కర్ దాన్ని శాయాజీరావు గైక్వాడ్‌కు అంకితమిచ్చారు. అచ్చయిన పుస్తకం సమర్పించాక 1927లో పిహెచ్.డి. పట్టా చేతికొచ్చింది. 1913లో ఓడెక్కిన విద్యార్థి చదువు ముగియడానికి 14 ఏళ్లు పట్టిందని దీనర్థం.

తిరిగొచ్చిన మరుసటి ఏడాది, 1924 జూలైలో బహిష్కృత హితకారిణి సభ పెట్టారు. దాని తొలి పనుల్లో ఒకటి షోలాపూర్‌లో దళిత విద్యార్థులకు హాస్టల్. లైబ్రరీలు, చదువుకునే గదులు ఆ సభ ఆశయాల్లో ఉన్నాయి. ఆ తర్వాత మహాడ్ చెరువు, నాసిక్ గుడి, 1930 నుంచి రౌండ్ టేబుల్ సమావేశాలు, 1932 సెప్టెంబరులో పూనా ఒప్పందం. ఇవన్నీ తెలిసిన కథలే కాబట్టి దాటేద్దాం. మేం చెప్పదలచుకున్న ఉత్తరం ఆ ఒప్పందం తర్వాతిది.

పూనా ఒప్పందం అయిన కొద్ది రోజులకే గాంధీ ఆశీస్సులతో అంటరానితనం వ్యతిరేక సంఘం పుట్టింది. బిర్లా అధ్యక్షుడు, ఏ.వి. ఠక్కర్ కార్యదర్శి. అదే తర్వాత హరిజన సేవక్ సంఘ్ అయింది. మూడో రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్తూ 1932 నవంబరు 14న, విక్టోరియా అనే ఓడ మీద నుంచి, పోర్ట్ సయ్యద్ రేవు దగ్గర అంబేద్కర్ ఠక్కర్‌కు ఒక పొడుగాటి ఉత్తరం రాశారు. ఆ సంఘం ఏం చేయాలి, ఏం చేయకూడదు అన్నదే అందులో విషయం. మా దృష్టిలో మన దేశంలో సోషల్ వర్క్ మీద వచ్చిన మొదటి గట్టి పాఠాల్లో అదొకటి. ఆశ్చర్యమేమంటే అప్పటికి దేశంలో సోషల్ వర్క్ కాలేజీ అన్నదే లేదు. అమెరికా నుంచి వచ్చిన క్లిఫర్డ్ మాన్షార్ట్ సారథ్యంలో బొంబాయిలో టాటా స్కూల్ మొదలైంది 1936లో.

ఉత్తరంలోని వాదన సూటిగా ఉంటుంది. అణగారినవారిని బాగుచేయడానికి రెండు దారులున్నాయన్నారు. ఒక దారి వాళ్ల పేదరికానికి వాళ్ల నడవడికే కారణమనుకుంటుంది. అందుకని తాగుడు మాన్పించడం, వ్యాయామశాల పెట్టడం, సహకార సంఘం, లైబ్రరీ, బడి, ఇలా మనిషిని మంచివాణ్ణి చేసే పనులు పెట్టుకుంటుంది. రెండో దారి మనిషి చుట్టూ ఉన్న పరిస్థితే అతన్ని అలా ఉంచిందని చూస్తుంది. మొదటి దారిలో ఒకరో ఇద్దరో పైకొస్తారు, రెండో దారిలో ఒక వర్గం మొత్తం లేస్తుంది. అంబేద్కర్ రెండో దారి పట్టమన్నారు. ఊరి బావి, ఊరి బడి, ఊరి చావడి, బండ్లు బస్సులు, వీటిలో ప్రవేశం కోసం దేశమంతా ఉద్యమం నడపమన్నారు. గొడవలవుతాయి, తలలు పగులుతాయి, అయినా అదే దారి అన్నారు. సంక్షోభం వస్తేనే గానీ సవర్ణ హిందువు ఆలోచించడం మొదలుపెట్టడని ఆయన లెక్క. ఆ తర్వాత ఉద్యోగాల్లో, మిల్లుల్లో సమాన అవకాశం. నేత ఖాతాలోకి అంటరానివారిని రానివ్వని బొంబాయి మిల్లులు ఆయన కళ్లముందే ఉన్నాయి. ఆ తర్వాత సవర్ణుల ఇళ్లలోకి అతిథిగానో, పనివాడిగానో ప్రవేశం.

పనిచేసేవాళ్లు ఎవరై ఉండాలన్న దాని మీద కూడా ఆయన ఒక మాట చెప్పారు. డబ్బిస్తే ఏ పనైనా చేసేవారు కాదు, ఈ ఒక్క పనికే అంకితమైనవారు కావాలన్నారు. అలాంటివారు ఎక్కువగా అణగారిన వర్గాల్లోంచే వస్తారని, వాళ్లనే తీసుకోమని సూచించారు. దళితుల్లోనూ మోసగాళ్లుంటారని ఒప్పుకుంటూనే ఈ మాట అన్నారు. సంఘం ఆ దారి పట్టలేదు. ఉత్తరం అందిందని కూడా తనకు ఎవరూ తెలియజేయలేదని 1945లో కాంగ్రెస్, గాంధీల మీద రాసిన పుస్తకంలో ఆ ఉత్తరాన్ని అచ్చువేస్తూ అంబేద్కర్ చెప్పారు.

కేస్ వర్క్, గ్రూప్ వర్క్, కమ్యూనిటీ ఆర్గనైజేషన్ అని మన తరగతుల్లో నోట్సు చెప్పేటప్పుడు అమెరికన్ పేర్లు ఎన్నో వినిపిస్తాయి. ఈ ఉత్తరం వినిపించదు. రేపు న్యూయార్క్‌లోనో లండన్‌లోనో సీటు దొరికిన విద్యార్థి అక్కడి సిద్ధాంతాలు నేర్చుకుని రావడం మంచిదే. సంచీలో ఈ ఉత్తరం కూడా ఒకటి పెట్టుకుని వెళ్లండి. వెళ్లినచోట మీరూ ఇవ్వగలిగింది ఉందని తెలుస్తుంది.

1942 జూలైలో వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ సభ్యుడయ్యాక అంబేద్కర్ చేతికి మొదటిసారి కేంద్ర ప్రభుత్వ అధికారం వచ్చింది. ఆ ఏడాది అక్టోబరు 29న వైస్రాయ్ లిన్‌లిత్‌గోకు షెడ్యూల్డు కులాల ఇబ్బందుల మీద ఒక వినతిపత్రం ఇచ్చారు. దేశంలో పైచదువులకు స్కాలర్‌షిప్పులు, విదేశీ యూనివర్సిటీల్లో చదువుకు ప్రత్యేక నిధి అందులోని కోరికలు. 1944 నుంచి పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పులు మొదలయ్యాయి. తెలుగు రాష్ట్రాల్లో దళిత ఇళ్లల్లోంచి కాలేజీ గడప తొక్కిన తొలి తరాలకు ఆ స్కాలర్‌షిప్ ఎంత ఆసరాయో ఈ వ్యాసం చదివే చాలామంది ఇళ్లల్లోనే చెబుతారు. బరోడా రాజు దయ మీద తాను చదివిన చదువును ఖజానా మీద హక్కుగా మార్చడం ఇది.

ఇందులో ఒక చిక్కు ఉంది, దాచకుండా చెప్పుకోవాలి. విదేశీ చదువుకు అంబేద్కర్ ప్రధానంగా అడిగింది సైన్సు, టెక్నాలజీ కోసం. బి.ఏ.లు ఎలాగో చదువుకుంటున్నారు, ఖర్చెక్కువైన సైన్సు, ఇంజనీరింగు చదువులే మనకు అందడం లేదని ఆయన వాదన. కాబట్టి సోషల్ సైన్సులకు డబ్బెందుకు అని ఇవాళ ఎవరైనా ఆయన పేరే చెప్పొచ్చు. అయితే అందని తలుపు తెరవమని అడగడం వేరు, తెరిచి ఉన్న తలుపు మూయడం వేరు. సమాజాన్ని చదవడానికి విదేశం పనికిరాదని ఆయన ఎక్కడా అనలేదు. అనడానికి ఆయన జీవితమే ఒప్పుకోదు.

డబ్బు దగ్గర కూడా పాత బరోడా కథే మళ్లీ కనిపిస్తోంది. 2025లో ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌కు 106 మందిని ఎంపిక చేసి, మొదట 40 మందికే తాత్కాలిక మంజూరు పత్రాలిచ్చారు. మిగతా 66 మందికి నిధులుంటే చూస్తామన్నారు. యూనివర్సిటీల గడువులు మాత్రం నిధుల కోసం ఆగవు. తెలంగాణలో అంబేద్కర్ పేరుతోనే ఓవర్సీస్ విద్యానిధి ఉంది. ఆంధ్రలో 2022లో ఆ పేరు తీసి అప్పటి ముఖ్యమంత్రి పేరు పెడితే పెద్ద రభసే అయింది. దరఖాస్తు పెట్టేవారు ఆదాయ పరిమితి, వయసు, యూనివర్సిటీ ర్యాంకు, ఏ కోర్సులకు వర్తిస్తుంది అన్న వివరాలను ఆ ఏడాది నోటిఫికేషన్‌లోనే చూసుకోవాలి. నిరుటి నిబంధన ఈ ఏడు ఉంటుందన్న భరోసా లేదు.

దూరదేశాల్లోని అణగారినవారితో మాట కలపడం అంబేద్కర్ చివరిదాకా మానలేదు. 1946లో అమెరికా నల్లజాతి మేధావి డబ్ల్యు.ఇ.బి. డుబోయ్‌కు ఒక ఉత్తరం రాశారు. నేషనల్ నీగ్రో కాంగ్రెస్ ఐక్యరాజ్యసమితికి పిటిషన్ ఇచ్చిందని పత్రికల్లో చూసి, ఆ ప్రతులు రెండు మూడు పంపమని అడిగారు. అమెరికాలో నల్లవారి స్థితి, ఇక్కడ అంటరానివారి స్థితి ఎంత దగ్గరివో రాస్తూ, మనవాళ్లు కూడా ఐక్యరాజ్యసమితి తలుపు తట్టే ఆలోచనలో ఉన్నారని తెలియజేశారు. డుబోయ్ జూలై 31న బదులిచ్చారు. అంబేద్కర్ పేరు తనకు తెలుసని, ప్రతులు పంపుతానని, చేతనైన సాయం చేస్తానని అందులో రాశారు. 2001లో డర్బన్ సమావేశానికి మన దళిత సంఘాలు వెళ్లి కులం గురించి ప్రపంచం ముందు మాట్లాడినప్పుడు, ఆ దారిలో యాభై అయిదేళ్ల ముందే పడిన అడుగుజాడ ఇది.

1952లో కొలంబియా యూనివర్సిటీ ఆయనకు గౌరవ డాక్టరేట్ ఇస్తానని పిలిచింది. అప్పటికి మంత్రి పదవి వదిలేశారు, ఎన్నికల్లో ఓడారు, ఆరోగ్యం బాగాలేదు. అయినా న్యూయార్క్ వెళ్లారు. తన గురువు డ్యూయీని కలవాలన్న కోరిక ఆయన మనసులో ఉంది. జూన్ 1న డ్యూయీ కన్నుమూశారు. ఆ బాధను అక్కడి నుంచే భార్య సవితకు ఉత్తరంలో రాసుకున్నారు. జూన్ 5న డిగ్రీ అందుకుని తిరిగొచ్చారు. ఏడు నెలల తర్వాత, 1953 జనవరి 12న, హైదరాబాదులో ఉస్మానియా యూనివర్సిటీ ఆయనకు గౌరవ డి.లిట్. ఇచ్చింది.